ఎడమ మడ్‌గార్డు

ఎడమ ఇండికేటరు వేస్తే కుడివైపు చిన్న లైటు మినుకుమంది. దాంతోపాటు డ్యాష్‌బోర్డులో దీపాలూ వెలిగి ఆరాయి. హారను నొక్కితే జలుబు చేసినవాడు గొంతు సవరించుకున్నట్టు ఒక మూలుగు వచ్చిందే తప్ప మోత రాలేదు. కారు వయసు అరవై దాటింది. ఎనిమిది నెలలపాటు షెడ్డులో దాన్ని ఎముకల దాకా విప్పి, అతుకులు వేసి, రంగు వేసి, మళ్ళీ బిగించారు. నిన్నటిదాకా అన్నీ బాగానే ఉన్నాయి. ఇవాళ పొద్దున వీధి చివరిదాకా తిప్పి తెచ్చేసరికి ఈ తమాషా మొదలైంది. శుక్రవారం ఉదయం వచ్చి బండి తీసుకెళతానని యజమానురాలు, కళ్ళ డాక్టరు గారు, ఫోను చేసి చెప్పారు. ఇవాళ మంగళవారం.

స్టీరింగు వెనక కూర్చుని స్విచ్చి వేస్తున్నది కోడలు. ఆమె అసలు పేరు షెడ్డులో ఎవరికీ పట్టలేదు. వైరింగు చేసే పెద్దాయనకు కోడలు కాబట్టి అందరికీ కోడలే. షెడ్డు ఓనరూ అలాగే పిలుస్తాడు, మెకానిక్కూ అలాగే పిలుస్తాడు, టీ తెచ్చే మనిషి కూడా "కోడలికో కప్పు" అంటాడు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. ఇప్పుడు పలుకుతోంది.

పాత బండ్ల వైరింగులో పెద్దాయన మాటకు తిరుగు లేదు. ఈమధ్య చూపు మందగించింది. ఈ నెలాఖరుతో మానుకుని, పని మొత్తం కోడలికి అప్పగిస్తానన్నాడు. ఓనరు సరేనన్నాడు గానీ ఆ ఒక్క ముక్క అనడానికి మూడు నెలలు నాన్చాడు. ఆడమనిషి బానెట్టు కింద తల పెడితే బండివాళ్ళు నమ్మరని ఆయన బెంగ. నమ్మకపోతే అప్పుడు చూద్దామని పెద్దాయన పట్టుపట్టాడు. ఈ కారులో తీగలన్నీ దాదాపు ఆమె చేత్తో చుట్టినవే. ఇది సవ్యంగా గేటు దాటితే ఇక ఎవరూ నోరెత్తరని ఆమె ఆశ.

పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇండికేటరు మూడుసార్లు వేయించి, హారను మీద చెయ్యి పెట్టి చూశాడు. స్పానరు పట్టకుండానే తేల్చేశాడు.

"ఎర్త్ అందట్లేదు. పెయింటరు దాని మీద రంగు వేసి పారేశాడు."

ఆ మాటలో అర్థం లేకపోలేదు. ఇలాంటి బండ్లలో బ్యాటరీ నుంచి ఒక్కో దీపానికీ ఒక్క తీగే వెళుతుంది. తిరిగి వచ్చే దారి కారు ఒళ్ళే. దీపం దగ్గరి నల్లతీగను ఎక్కడో ఒకచోట ఉత్త ఇనుముకి బోల్టుతో బిగిస్తారు, దాన్నే ఎర్త్ అంటారు. ఆ బోల్టు కింద రంగు పడితే దారి మూసుకుపోతుంది. కరెంటు అక్కడే ఆగి ఊరుకుంటుందా, పక్క దీపంలోంచి దూరి ఇంకో దారిన ఇల్లు చేరుకుంటుంది. ఎడమకి వేస్తే కుడివైపు మెరవడం అందుకే. ఇలా జరగకూడదనే షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. బండి రంగుకి వెళ్ళేముందు వైరింగు చేసేవాళ్ళు దాని చుట్టూ తిరిగి, ఎర్త్ వచ్చే ప్రతిచోటా గుండ్రంగా కత్తిరించిన టేపు ముక్క అంటిస్తారు. టేపు ఉన్నచోట పెయింటరు ముట్టుకోడు. టేపు లేనిచోట రంగు వేయకుండా వదలడు. ఈ పద్ధతిలో ఒకరినొకరు అడగాల్సిన పనే లేదు.

పెయింటరు అప్పుడు షెడ్డులోనే ఉన్నాడు. తర్వాత చేయాల్సిన బండి తలుపును నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఆ బండి కూడా అతనిదేనని ఓనరు మాట ఇచ్చి పది రోజులైంది. పెద్దాయన అక్కడినుంచే కేకేసి పిలిచాడు. ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నావు, ఎర్త్ ఏదో ఒళ్ళేదో తెలీదా అని అడిగాడు. అందరూ వింటున్నారు. ఓనరు అసలే డాక్టరు గారికి ఏం చెప్పాలా అని తల పట్టుకుని ఉన్నాడేమో, ఆ కోపమంతా ఇటు తిప్పాడు. ఈ పని ఇక నీకు చేతకాదు, తర్వాత బండి వేరే మనిషికి ఇచ్చుకుంటాను అనేశాడు.

పెయింటరు మాటకారి కాదు. కుళాయి కట్టేసి చేతులు కడుక్కున్నాడు. కోడలి వంక ఒకసారి చూశాడు. ఆమెకు అతని మీద జాలి కలిగింది, స్విచ్చి వైపు తల తిప్పుకుంది. అతను రంగు చల్లే తన గన్ను విప్పి థిన్నరుతో శుభ్రం చేశాడు. ఒక్కో భాగాన్నీ గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఎవరూ అతనితో మాట్లాడలేదు.

బుధవారం పొద్దున్నే కోడలు పనిలోకి దిగింది. రంగు గీకేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకనుకుంటూ ఎర్త్ బోల్టులు ఒక్కొక్కటే విప్పింది. డిక్కీ లోపల ఒకటి, డ్యాష్‌బోర్డు వెనక ఒకటి, ఇంజను గోడ మీద రెండు, కుడి మడ్‌గార్డు లోపల ఒకటి. ఏ ఒక్కదాని కిందా రంగు చుక్క లేదు. రూపాయి బిళ్ళంత మేర ఇనుము తెల్లగా మెరుస్తోంది. చుట్టూ రంగు అంచు కత్తితో కోసినంత నున్నగా ఉంది. ఆమె గోటితో ఆ అంచును తడిమింది. ఇంత ఒద్దికగా పనిచేసిన మనిషిని అంతేసి మాటలన్నారే అని మనసు చివుక్కుమంది. మామగారికి చూపిస్తే, ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, వెతుకు అన్నాడు.

వెతకడానికి రోగం నిలబడితే కదా. బానెట్టు మూసి ఇండికేటరు వేస్తే తమాషా మొదలవుతుంది. సంగతేమిటో చూద్దామని బానెట్టు ఎత్తితే అన్నీ బుద్ధిగా వెలుగుతాయి. హారను షెడ్డు దద్దరిల్లేలా మోగుతుంది. మూస్తే మళ్ళీ మూలుగు. డాక్టరు ముందు కూర్చోగానే పంటినొప్పి మాయమైనట్టుందని మెకానిక్కు నవ్వాడు. కోడలికి నవ్వు రాలేదు. ఫ్యూజుల పెట్టె విప్పింది. ఇండికేటరు డబ్బా మార్చింది. ముందు దీపాల తీగలకి చుట్టిన బట్టటేపును జానెడు జానెడు విప్పుకుంటూ పోయి, ఎక్కడా నలగలేదని చూసుకుని, మళ్ళీ చుట్టింది. సాయంత్రానికి వేళ్ళు నొప్పెట్టాయి, తప్పు మాత్రం దొరకలేదు.

గురువారం ఉదయం కూడా అలాగే గడిచింది. పదకొండు గంటలప్పుడు టీ తాగుతూ కారుకేసి చూస్తూ ఉండిపోయింది. బానెట్టు మూసినప్పుడు ఏం మారుతుంది అని తనను తానే అడుగుతోంది. తీగలు మారవు. దీపాలు మారవు. ఇనుము ఇనుము మీద బరువు మోపుతుంది, అంతే. ఆ బరువు మోసేవి రెండు వైపులా ఉన్న మడ్‌గార్డులు. కుడిదాన్ని నిన్న విప్పి చూసింది. ఎడమదాన్ని విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఆమెకు ఆ క్షణాన తట్టలేదు.

టీ కప్పు అక్కడే పెట్టేసింది. ఎడమ ముందు చక్రం ఊడదీసి, అట్టముక్క పరుచుకుని, వెల్లకిలా లోపలికి జరిగింది. ఈ కారులో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. అక్కడినుంచి పొడుగాటి తీగ లాగి టెస్టు ల్యాంపు పట్టుకుంది. అది ఒక చిన్న బల్బు, దాని చివర సూది. సూది ఆనించినచోట నుంచి కరెంటుకు తిరుగుదారి ఉంటే బల్బు వెలుగుతుంది, లేకపోతే లేదు. అబద్ధమాడడం దానికి రాదు. నల్లతీగ బోల్టు తల మీద సూది ఆనించి, బానెట్టు ఎత్తమని మెకానిక్కుకు చెప్పింది. బల్బు వెలిగింది. మూయమంది. ఆరిపోయింది. ఎత్తమంది. వెలిగింది.

"ఇంకోసారి మూయండి," అంది.

బల్బు ఆరిపోయింది. మెకానిక్కు బయటినుంచి దొరికిందా అని అరిచాడు. అందరూ మూగారు. ఆమె స్పానరు అందుకుని బోల్టు విప్పి, నల్లతీగ పక్కకి తీసి, చేతిదీపం దగ్గరగా పెట్టుకుని చూసింది. రంగు. రంధ్రం అంచు దాకా నిండుగా, నిగనిగలాడే ముదురాకుపచ్చ రంగు. బోల్టు మరచుట్ల దగ్గర సన్నగా రంగు రేగి, ఆ కాస్త సందుతోనే ఇన్నాళ్ళూ దీపాలు వెలిగాయన్నమాట. వీధి చివరిదాకా వెళ్ళొచ్చిన కుదుపుకి ఆ సందు కూడా కదిలి, బానెట్టు బరువు పడగానే తెగిపోతోంది.

పెద్దాయన మోకాళ్ళ మీద వంగి తొంగి చూశాడు. నేను చెప్పలేదూ అన్నాడు. ఓనరు గట్టిగా ఊపిరి వదిలాడు. అనుకున్నదే, వాడి నిర్వాకమే అన్నాడు. మెకానిక్కు చక్రం మీద చరిచి, కోడలు గట్టిదే అన్నాడు. ఆమె కారు కిందే ఉండిపోయింది. కదలబుద్ధి కాలేదు.

మిగతా అన్నిచోట్లా గుండ్రటి అంచు ఉంది. ఇక్కడ లేదు. ఇక్కడ రంగు అంచు లేకుండా, గీత లేకుండా ఒకే పొరగా ఉంది. అంటే ఇక్కడ టేపు ఎన్నడూ లేదు. టేపు అంటించాల్సింది తను. ఆ రోజు ఎడమ మడ్‌గార్డు షెడ్డులో లేదు, తుప్పు తినేసిందని అతుకు వేయించడానికి టింకరు దగ్గరికి పంపారు. వచ్చాక అంటిస్తానులే అనుకుంది. అది వచ్చిన రోజు కూతురికి జ్వరమని తను పనికి రాలేదు. మర్నాడు వచ్చేసరికి అది రంగు గదికి చేరింది, తలుపు వేసి ఉంది. ఆమె ఇంకో పనిలో పడిపోయింది. ఇంత చిన్న సంగతి. మరిచిపోయానన్న సంగతి కూడా మరిచిపోయింది. నిన్న విప్పిన అయిదు బోల్టులూ తను టేపు వేసినట్టు గుర్తున్నవే. గుర్తులేనిదాన్ని వెతకలేదు కాబట్టే రెండు రోజులు పట్టింది.

గరుకు కాగితంతో ఆ చోటును తెల్లగా వచ్చేదాకా రుద్దింది. కావలసినదానికంటే ఎక్కువే రుద్దింది. బోల్టు బిగించి బయటికి వచ్చి ఇండికేటరు వేసింది. ఎడమకి వేస్తే ఎడమే వెలిగింది. బానెట్టు మూసినా వెలిగింది. హారను మోగింది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు ఓనరు ఆమెను మొదటిసారి తన బల్ల దగ్గర కూర్చోమన్నాడు. తర్వాత బండి వైరింగు నీ ఒక్కదాని చేతికే ఇస్తాను, ఇంక ఎవరేమన్నా నేను చూసుకుంటానన్నాడు. ఆమె ఎన్నాళ్ళనుంచో వినాలనుకున్న మాట అది. తల ఊపింది. సగం తిన్న డబ్బాకు మూత పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక వంటింట్లో గిన్నెలు తోముతుంటే మామగారు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. ఆమె భర్త దూరం బస్సులు నడుపుతాడు, వారం దాకా రాడు. కూతురు ముందుగదిలో హోంవర్కు చేసుకుంటోంది.

"అక్కడ టేపు వేయలేదు కదమ్మా," అన్నాడు పెద్దాయన మెల్లగా.

ఆమె చేతిలో గిన్నె ఆగింది. "మీకెప్పుడు తెలిసింది మామయ్యా?"

"వంగి చూశాను చూడు, అప్పుడే. నేను చెప్పలేదూ అన్నాక తెలిసింది. మాట నోరు దాటిపోయింది." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆ బోల్టు బిగించింది నేను. ముందు దీపాలు నువ్వు నాకు వదిలేశావు గుర్తుందా? తడుముకుంటూ బిగించాను. కింద రంగుందో ఇనుముందో చూసుకోలేదు."

రేపు చెప్పేద్దామని ఆమె అంది. పెద్దాయన అడ్డంగా తల ఊపాడు. మగాడు టేపు మరిచిపోతే మరిచిపోయాడంటారు, నువ్వు మరిచిపోతే మేం ముందే అనుకున్నాం అంటారు అన్నాడు. పెయింటరుకి పని దొరక్కపోదని, నాలుగు రోజులు పోనిచ్చి తనే ఓనరుకి నచ్చజెపుతానని అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆమెకు కోపం వచ్చింది, అది ఎవరి మీదో మాత్రం తేలలేదు.

అప్పటికింకా ఆరు కాలేదు. పెయింటరు ఇల్లు నడిచి వెళితే పది నిమిషాలు. గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంది. వెళ్ళి ఏమనాలి? ఓనరుకి చెప్పకుండా అతనికి చెపితే ఏం లాభం? ఓనరుకి చెప్పాక తనకి మిగిలేదేమిటి? మధ్యాహ్నం బల్ల దగ్గర విన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. కూతురు లోపలినుంచి ఎక్కం అప్పజెపుతాను రమ్మని పిలిచింది. ఆమె చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళింది. పిల్ల పిలిచింది కాబట్టి ఆగానని ఆ పూటకి తనకు తాను చెప్పుకుంది.

శుక్రవారం డాక్టరు గారు చెప్పిన వేళకి అయిదు నిమిషాలు ముందే వచ్చారు. తలుపు తీసి మూశారు, సీటు మీద చెయ్యి వేసి నిమిరారు. ఇండికేటర్లు రెండు వైపులా వేసి, దిగి వెళ్ళి స్వయంగా చూసుకున్నారు. ఓనరు పక్కనే నిలబడి జరిగినదంతా కథలా చెప్పాడు. పెయింటరు ఎర్త్ మీద రంగు వేసేస్తే మా కోడలు మూడు రోజులు కారు కింద పడుకుని పట్టేసిందన్నాడు. డాక్టరు గారు ఆమె వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వారు.

ఆ నవ్వును అందుకోవడం ఆమె వల్ల కాలేదు. "పెయింటరు బాబాయ్ తప్పు కాదండీ," అంది. "అక్కడ టేపు వేయాల్సింది నేను. మరిచిపోయాను. టేపు లేనిచోట రంగు వేయడం ఆయన పని."

ఓనరు ముఖం కందగడ్డలా అయింది. ఈ మాట ఇప్పుడా చెప్పేది అని పళ్ళ సందున అన్నాడు. అతని చూపు పెద్దాయన మీదకి పోయింది. పెద్దాయన టెస్టు ల్యాంపు తీగను చుట్ట చుడుతున్నాడు. చివరిదాకా చుట్టి బల్ల మీద పెట్టాడు.

"బోల్టు బిగించింది నేను. గీకి చూడకుండా బిగించాను," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కిందికి దిగాడో కోడలికి తెలుసు. మామగారి మీద అంత ప్రేమ ఆమెకు ఇంతకుముందెప్పుడూ కలగలేదు.

డాక్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. మరి ఆ పెయింటరు ఎక్కడున్నాడని అడిగారు. ఓనరుకి ఇబ్బందిగా దగ్గు వచ్చింది. కస్టమరు ముందు పరువు ఎలా దక్కించుకోవాలో అతనికి తెలుసు. పిలిపిస్తున్నామండీ, తర్వాత బండి అతనిదే అన్నాడు. కోడలి వైపు చూడకుండా, వెళ్ళి తీసుకురా అన్నాడు. మడ్‌గార్డు లోపల గీకినచోట రంగు కూడా అతనే సరిచేస్తాడని డాక్టరు గారికి చెప్పాడు. ఎంతసేపైనా ఉంటానని ఆవిడ కుర్చీలో కూర్చున్నారు.

స్కూటరు మీద వెళుతుంటే ఆమెకు ఒళ్ళు తేలికైంది. ఇంతేనా, దీనికేనా నిన్నంతా అంత నలిగిపోయింది అనుకుంది. పెయింటరు గుమ్మంలో నిలబడి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. పక్కన పనిబట్టల సంచీ ఉంది. ఆమె స్కూటరు దిగీదిగకముందే చెప్పేసింది. తప్పు తనదని అందరి ముందూ ఒప్పుకున్నానని, ఓనరు రమ్మంటున్నాడని, తర్వాత బండి అతనిదేనని చెప్పింది. క్షమించమని కూడా అడిగింది.

పెయింటరు తాడు ముడి వేసి నిటారుగా నిలబడ్డాడు.

"టేపు లేదని నాకు తెలుసమ్మా. రంగు వేసేటప్పుడే అనుకున్నా, ఇక్కడ ఉండాలే అని. ఇదివరకు వేరే బండికి ఒకసారి అలా అడిగితే మీ మామయ్య, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. అప్పట్నుంచి అడగడం మానేశా." గొంతులో నిష్ఠూరం లేదు. "మంగళవారం నీ వంక చూశాను. నేను చెపితే నిన్ను పట్టిచ్చినట్టుంటుంది, నువ్వే చెప్తావులే అనుకున్నా."

"అప్పటికి నాకు తెలీదు బాబాయ్. తెలిస్తే ఊరుకునేదాన్నా?"

"మరెప్పుడు తెలిసింది?"

ఇవాళ పొద్దున అనొచ్చు. అంటే అతను నమ్ముతాడు కూడా. ఆమె నోటిదాకా ఆ మాట వచ్చింది.

"నిన్న మధ్యాహ్నం," అంది.

పెయింటరు తల ఊపాడు. వీధి వైపు చూశాడు. లోపల అతని భార్య ఏదో సర్దుతున్న చప్పుడు ఆగింది.

"ఇనప బీరువాలు చేసే ఆయన నిన్న సాయంత్రం వచ్చాడు. ఏడింటికి. రెండేళ్ళు ఇంకెక్కడికీ పోనని మాట తీసుకున్నాడు." సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "ఏడింటిదాకా ఇక్కడే కూర్చుని ఉన్నానమ్మా. మీ వాళ్ళెవరన్నా వస్తారేమోనని."

ఆ మాట వెనక్కి తీసుకోకూడదా అని అడగబోయి ఆగింది. మాట ఇచ్చి తప్పే మనిషి కాదని ఇరవై ఏళ్ళ పని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బీరువాలకి ఒక్కటే రంగు వేస్తారు, బూడిద రంగు. రోజంతా అదే వేయాలి.

ఎంత మేర గీకావని అడిగాడు. ఆమె వేళ్ళతో చూపించింది. అంత అక్కర్లేదే అని ముఖం చిట్లించి లోపలికి వెళ్ళాడు. చిన్న డబ్బాలో అడుగున మిగిలిన ముదురాకుపచ్చ, సన్నటి కుంచె తెచ్చి ఇచ్చాడు. వాషరు చుట్టూ మాత్రమే వేయాలని, లోపలికి పోనివ్వకూడదని చెప్పాడు. రెండు పూతలు వేయాలి, మధ్యలో గంట ఆరాలి, తొందరపడితే ముడతలు పడతాయి. ఒక్కో మాటకీ ఆమె తల ఊపింది. వేళవుతోందని అతను నడిచి వెళ్ళిపోయాడు.

షెడ్డులో ఆమె మళ్ళీ అట్ట పరుచుకుని మడ్‌గార్డు కిందికి జరిగింది. పెయింటరు ఏడని ఓనరు అడిగితే, రాడని, వేరేచోట మాట ఇచ్చాడని చెప్పింది. ఎప్పుడిచ్చాడని అడిగితే నిన్న సాయంత్రం అంది. ఓనరు తన బల్ల వైపు తిరిగాడు. మొదటి పూత వేసి బయటికి వచ్చింది. ఇంకెంతసేపని డాక్టరు గారు అడిగారు. గంట ఆరాలండీ అని చెప్పింది. చేయడానికి వేరే పనులు చాలానే ఉన్నాయి. ఆ గంటా ఆమె ఏ పనీ ముట్టుకోకుండా చక్రం పక్కన నేల మీద కూర్చుంది.